మెదడు లేబొరేటరీ నుంచి సైకాలజీ క్లాసుకి: డొనాల్డ్ హెబ్ నడిచిన దారి

మెదడు మీద పరిశోధన చేస్తున్న మనిషి అది వదిలేసి సైకాలజీ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడంటే, వినేవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం 'పాపం, అక్కడ నెగ్గుకు రాలేకపోయాడేమో' అని. పరిశోధన పెద్ద పని, పాఠం చెప్పడం చిన్న పని అనే లెక్క మన చదువుల్లో అంతగా పాతుకుపోయింది. దానికి తోడు సబ్జెక్టుల మధ్య గోడ ఒకటి. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లలు నాడీకణం బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తారు. ఆ కణాలే మనిషికి జ్ఞాపకాన్నీ భయాన్నీ తెలివినీ ఎలా ఇస్తున్నాయని అడిగితే, అది సైకాలజీ, ఆర్ట్స్ గ్రూపు వాళ్ల సంగతి అంటారు.

ఈ రెండు లెక్కలూ ఎంత తప్పో తెలియాలంటే కెనడాకు చెందిన డొనాల్డ్ హెబ్ (1904–1985) ఉద్యోగ జీవితాన్ని వరసగా చూడాలి. మెషిన్ లెర్నింగ్ చదివేవాళ్లకు ఈ పేరు 'హెబ్బియన్ లెర్నింగ్' అనే మాటలో తగులుతుంది. ఆయన బడిపంతులుగా మొదలుపెట్టి, ఎలుకల మెదడు, ఆ తర్వాత మనుషుల మెదడు, ఆ పైన చింపాంజీల ప్రవర్తన పరిశీలించి, చివరికి మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. మెదడు గురించి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన గొప్ప ఆలోచనల్లో ఒకటి ఆయనదే. అది ఆయనకు ఆపరేషన్ థియేటర్ పక్కన పనిచేస్తున్నప్పుడు తట్టలేదు. అక్కడ ఎదురైన చిక్కుముడిని వెంటబెట్టుకుని పాఠాలు చెప్పే ఉద్యోగానికి వెళ్లాక మొలకెత్తింది. ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు.

ఆడుకోవడమే శిక్షగా పెట్టిన హెడ్మాస్టరు

హెబ్ పుట్టింది నోవా స్కోషియాలోని చెస్టర్ అనే చిన్న ఊళ్లో. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా తల్లి ఇంట్లోనే, మాంటిస్సోరి భావాల ప్రభావంతో, చదువు చెప్పింది. కాలేజీలో మాత్రం ఆయన మెరిసింది లేదు. 1925లో డల్హౌసీ యూనివర్సిటీ నుంచి అత్తెసరు మార్కులతో బీఏ పూర్తిచేశారు. నవలలు రాయాలన్నది కోరిక. పొట్ట గడవడానికి బడిలో పాఠాలు చెప్పారు, పొలం పనులు చేశారు, కూలికి వెళ్లారు. ఆ రోజుల్లోనే ఫ్రాయిడ్‌ను చదివి, విషయం ఆసక్తిగా ఉన్నా రుజువులు ఇంకాస్త గట్టిగా ఉండాలనిపించి సైకాలజీ వైపు తిరిగారు. 1928లో మెక్‌గిల్‌లో పార్ట్‌టైమ్ విద్యార్థిగా చేరారు. ఖర్చులకు మాంట్రియల్ శివారు వెర్డన్‌లో ఒక బడికి హెడ్మాస్టరుగా కుదురుకున్నారు.

ఆ బడిలో పిల్లలకు చదువంటే ఏమాత్రం గిట్టదు. క్లాసులో అల్లరి, మాస్టర్ల చేతిలో దెబ్బలు, మళ్లీ అల్లరి. హెబ్ లెక్క తిరగేశారు. చదవడం ఎవరికీ తప్పనిసరి కాదన్నారు. క్లాసులో కూర్చుని పని చేసుకోవడం ఒక అవకాశం. దాన్ని చెడగొట్టేవాళ్లకు ఒకటే శిక్ష, బయటికి వెళ్లి ఆడుకోవాలి. మొదట్లో పిల్లలు సంబరంగా మైదానానికి పరుగెత్తారు. లోపల మిగతావాళ్లంతా ఏదో పనిలో పడి ఉంటే బయట ఊరికే తిరగడం ఎంతసేపు? కొన్నాళ్లకే ఒక్కొక్కరూ లోపలికి రావడం మొదలుపెట్టారు. 1930లో ఈ అనుభవాన్ని ఆయన ఉపాధ్యాయుల పత్రికలో రాశారు కూడా.

ఈ చిన్న సంఘటనను ఆయన జీవితచరిత్రలో సరదా ముచ్చటగా చెప్పి వదిలేస్తుంటారు. అది సరికాదు. అప్పటి సైకాలజీలో జంతువైనా మనిషైనా ఏ పనైనా చేసేది ఆకలి తీర్చుకోవడానికో, నొప్పి తప్పించుకోవడానికో అన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఎలుకకు తిండి గింజ పెడితే నేర్చుకుంటుంది, షాక్ కొడితే నేర్చుకుంటుంది. వెర్డన్ బడి పిల్లలకు మాత్రం గింజా లేదు, షాకూ లేదు. బుర్రకు పని లేకపోవడమే వాళ్లు భరించలేకపోయారు. మెదడు తనంతట తానే పని కోరుకుంటుందన్న ఈ గమనింపు పాతికేళ్ల తర్వాత, 1955లో, ఆయన రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో సిద్ధాంతమై కూర్చుంది. ఉత్తేజం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా మెదడు సరిగా పనిచేయదని, మధ్యలో ఎక్కడో ఉన్నప్పుడే బాగా నడుస్తుందని అందులో ఆయన గీసిన వంపు గీత ఇవాళ్టికీ సైకాలజీ విద్యార్థులు నేర్చుకునేదే.

ఆ తర్వాతి కొన్నేళ్లు ఆయనకు కష్టకాలం. తుంటి ఎముకకు క్షయ సోకి మంచం పట్టారు. ఆ మంచం మీదే ఎంఏ థీసిస్ రాశారు. 1933లో భార్య రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. థీసిస్‌ను పరీక్షించినవాళ్లలో ఒకరు రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ దగ్గర పనిచేసి వచ్చిన బోరిస్ బాబ్కిన్. లేబొరేటరీలో చేతులు పెట్టి పని నేర్చుకోమని ఆయన చెప్పిన సలహా హెబ్‌ను మలుపు తిప్పింది. 1934లో, ముప్పయ్యేళ్ల వయసులో, మాంట్రియల్ వదిలి చికాగో వెళ్లారు.

ఆపరేషన్ తర్వాత కూడా తగ్గని ఐక్యూ

చికాగోలో ఆయన గురువు కార్ల్ లాష్లీ. ఎలుకలకు చిక్కుదారిలో నడక నేర్పి, తర్వాత మెదడు పైపొరలో అక్కడక్కడా కొంత కోసి, నేర్చుకున్నది ఎక్కడ దాగి ఉందో వెతకడం లాష్లీ జీవితకాలం చేసిన పని. ఎక్కడ కోసినా జ్ఞాపకం పూర్తిగా పోలేదు. ఎంత కోశారన్నదాన్ని బట్టి తగ్గుతూ వచ్చింది. 1935లో లాష్లీ హార్వర్డ్‌కు మారితే హెబ్ కూడా ఆయన వెంట వెళ్లి, 1936లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అంశం చీకట్లో పెరిగిన ఎలుకల చూపు. వాటి చూపులో చాలా భాగం పుట్టుకతోనే వస్తుందని అప్పట్లో తేల్చారు. తన లెక్కల్లోనే ఇంకో సంగతి ఉందని తర్వాత ఆయనకే తోచింది. చీకట్లో పెరిగినవి వెలుగులో పెరిగిన వాటికంటే చాలా నెమ్మదిగా నేర్చుకున్నాయి.

1937లో అసలు అవకాశం వచ్చింది. మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ మూర్ఛ రోగులకు ఆపరేషన్లు చేస్తున్నారు. మందులకు లొంగని మూర్ఛకు కారణమైన దెబ్బతిన్న కణజాలాన్ని మెదడు నుంచి తీసేయడం ఆయన పద్ధతి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా రోగి తెలివితేటల్లో ఏం మారిందో కొలిచే మనిషి ఆయనకు కావాలి. ఆ పని హెబ్‌కు దొరికింది.

పుర్రె తెరిచి నుదుటి వెనక భాగాన్ని, అంటే ఫ్రంటల్ లోబ్‌ను, కొంత తీసేస్తే మనిషి తెలివి దెబ్బతినాలి కదా. ఆ రోజుల్లో తెలివికి మూలస్థానం అదేనన్న నమ్మకం. హెబ్ రోగి పక్కన కూర్చుని ఐక్యూ పరీక్షలు పెట్టారు. చాలామందిలో స్కోరు తగ్గలేదు. ముందు మెదడులో ఒక భాగం తీసేశాక కూడా 160, ఆ పైన ఐక్యూ వచ్చిన రోగిని ఆయన చూశారు. రెండు వైపులా ఫ్రంటల్ లోబ్‌లో పెద్ద భాగం తీసేసిన ఒక యువకుడి గురించి పెన్‌ఫీల్డ్‌తో కలిసి 1940లో రాసిన పేపరు చాలామందిని ఆశ్చర్యపరిచింది. అతనికి ఆపరేషన్ తర్వాత స్కోరు కొంత పెరిగింది. పాడైపోయి మిగతా మెదడును కూడా కలవరపెడుతున్న భాగం పోవడంతో మిగిలిన భాగం నెమ్మదించి పనిచేసిందన్నది వాళ్ల వివరణ.

ఒక సాధారణ పరిశోధకుడు దీన్ని ఒక ఫలితంగా ప్రచురించి తర్వాతి రోగి దగ్గరికి వెళ్లేవాడు. హెబ్ మాత్రం రెండు అనుమానాలు పట్టుకుని కూర్చున్నారు. ఒకటి, కొలిచే పరీక్షే సరైనది కాదేమో. అందుకని మాటలతో పనిలేని కొత్త పరీక్షలు తయారుచేశారు. ఒక బొమ్మ చూపించి అందులో అసంగతంగా ఉన్నదేదో పట్టుకోమనడం వాటిలో ఒకటి. కుడి టెంపొరల్ లోబ్ (కణత వెనక ఉండే మెదడు భాగం) దెబ్బతిన్నవాళ్లు ఇందులో తడబడ్డారు. అంటే నష్టం ఉంది, పాత పరీక్షకు అది కనిపించలేదు. రెండో అనుమానం ఇంకా లోతైనది. అదే మెదడు దెబ్బ పసితనంలో తగిలితే పిల్లల తెలివి చాలా ఎక్కువగా కుంటుపడుతోంది, పెద్దయ్యాక తగిలితే అంతగా పడటం లేదు. ఎందుకు?

జవాబు దొరికిన చోటు

పెన్‌ఫీల్డ్ దగ్గర ఫెలోషిప్ 1939లో ముగిసింది. హెబ్ ఒంటారియోలోని కింగ్‌స్టన్‌లో క్వీన్స్ యూనివర్సిటీకి సైకాలజీ లెక్చరర్‌గా వెళ్లారు. ఇక్కడ రోగులు లేరు, సర్జన్ లేడు. విద్యార్థులు ఉన్నారు, సిలబస్ ఉంది. పైకి చూస్తే ఇదొక మెట్టు దిగడం.

సైకాలజీ పాఠం చెప్పేవాడికి ఒక ఇబ్బంది ఉంది, అది లేబొరేటరీలో ఉండదు. పరిశోధకుడు తనకు తెలిసిన చిన్న ముక్క చుట్టూ గిరి గీసుకుని అందులోనే ఉండొచ్చు. టీచరు సోమవారం జ్ఞాపకం గురించి, బుధవారం భయం గురించి, శుక్రవారం తెలివి గురించి చెప్పాలి. ఈ మూడూ ఒకే మెదడు పనులు కాబట్టి ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగకపోతే వెనక బెంచీలో కూర్చున్న కుర్రాడు అడుగుతాడు. తెలివి అంటే ఏమిటన్న ప్రశ్నను హెబ్ ఇక్కడే మొత్తంగా ఎదుర్కొన్నారు. 1942లో అచ్చయిన పేపరులో తెలివి అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు సంగతులు ఉన్నాయన్నారు. ఒకటి పుట్టుకతో వచ్చే మెదడు శక్తి. రెండోది అనుభవంతో ఆ మెదడు కట్టుకున్న ఆలోచనల వ్యవస్థ. ఇల్లు కట్టడానికి పట్టే సామాను, మనుషులు వేరు. కట్టిన ఇంట్లో కాపురం చేయడానికి కావలసింది వేరు. పసివాడి మెదడు ఇంకా కట్టుకుంటోంది కాబట్టి ఒక భాగం పోతే కోలుకోలేదు. పెద్దవాళ్ల మెదడు కట్టుకున్నదాన్ని వాడుకుంటోంది, అందుకే ఐక్యూ స్కోరు నిలబడింది. పెన్‌ఫీల్డ్ ఆసుపత్రిలో ఎదురైన చిక్కుముడికి పాఠాలు చెప్పే ఉద్యోగంలో జవాబు దొరికిందంటే అర్థం ఇదే.

క్వీన్స్‌లో ఆయన చేసిన ఇంకో పని ఎలుకల తెలివిని కొలిచే కొత్త రకం చిక్కుదారి. విద్యార్థి కెన్నెత్ విలియమ్స్‌తో కలిసి తయారుచేసిన ఈ హెబ్-విలియమ్స్ మేజ్ 1946లో అచ్చులో వచ్చింది. ఒకే దారిని బట్టీ పట్టించకుండా వరసగా కొత్త కొత్త సమస్యలు ఇవ్వడం దాని ప్రత్యేకత. మంచి ప్రశ్నపత్రం తయారుచేసే మాస్టారి ఆలోచన అందులో కనిపిస్తుంది.

1942లో లాష్లీ ఫ్లోరిడాలోని యెర్కిస్ ప్రైమేట్ లేబొరేటరీకి డైరెక్టరై హెబ్‌ను పిలిచారు. అక్కడ ఐదేళ్లు చింపాంజీలతో గడిచాయి. మట్టితో చేసిన చింపాంజీ తలను, మొండెం లేని ఉత్త తలను, బోనుల ముందుకు తీసుకొచ్చినప్పుడు జరిగింది ఆయన మరచిపోలేదు. పెద్ద చింపాంజీలు కెవ్వుమని అరుస్తూ వెనక గోడదాకా పరుగెత్తాయి. పసివి మాత్రం పట్టించుకోలేదు. ఎవరూ వాటికి ఆ తలతో భయం నేర్పలేదు, అది ఎప్పుడూ వాటిని నొప్పించలేదు. మరి భయం ఎక్కడిది? చింపాంజీ అంటే ఎలా ఉంటుందో పెద్దవాటి మెదడులో ఒక రూపం కట్టుకుని ఉంది. ఎదురుగా ఉన్నది ఆ రూపానికి సగం సరిపోయి సగం సరిపోక గందరగోళం రేపింది. పసివాటికి ఆ రూపమే ఇంకా కట్టుకోలేదు, కాబట్టి గందరగోళమూ లేదు. కింగ్‌స్టన్‌లో తెలివి గురించి రాసిన మాటే ఇక్కడ భయం దగ్గర మళ్లీ ఎదురైంది.

యెర్కిస్‌లో ఇంకో గమనింపు టీచర్లందరికీ పనికొస్తుంది. జంతువుల గురించి రాసేటప్పుడు కోపం, సిగ్గు, స్నేహం లాంటి మనుషుల మాటలు వాడకూడదని అక్కడివాళ్లు గట్టి పట్టుదలతో రెండేళ్లపాటు కేవలం కదలికలనే రాసుకున్నారు. ఆ కాగితాలు ఎంత పేరుకున్నా ఏ చింపాంజీ ఎలాంటిదో వాటిలోంచి తెలియలేదు. 'ఇది మనుషులంటే పడనిది, జాగ్రత్త' అని పాత పనివాడు ఒక్క ముక్క చెబితే కొత్తవాడికి అంతా తెలిసిపోయేది. శాస్త్రీయత పేరుతో మామూలు మాటల్ని తరిమేస్తే అర్థం కూడా వాటితోనే వెళ్లిపోతుందని హెబ్ గ్రహించారు. తర్వాత ఆయన రాసిన పుస్తకాలు తేలిగ్గా చదువుకునేలా ఉండటానికి ఇదొక కారణమై ఉంటుంది.

రాతప్రతి మీద క్లాసు

1947లో హెబ్ సైకాలజీ ప్రొఫెసర్‌గా మెక్‌గిల్‌కు తిరిగొచ్చారు. మరుసటి ఏడే డిపార్ట్‌మెంట్ అధిపతి. చేతిలో ఒక పుస్తకం రాతప్రతి ఉంది. దాన్ని సైక్లోస్టైల్ చేయించి సెమినార్లో విద్యార్థులకు పంచి, అధ్యాయం అధ్యాయంగా చర్చకు పెట్టారు. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో బ్రెండా మిల్నర్ ఒకరు. ఆ రాతప్రతే 1949లో 'ది ఆర్గనైజేషన్ ఆఫ్ బిహేవియర్' పేరుతో అచ్చయింది. గురువు లాష్లీ దాని మీద పెద్దగా ఆసక్తి చూపలేదు. విద్యార్థులు మాత్రం దాన్ని పట్టుకుని ఎదిగారు.

పుస్తకంలో అందరూ ఎత్తి చెప్పే వాక్యం సారాంశం ఇది. ఒక నాడీకణం పక్కదాన్ని ఉత్తేజపరచడంలో పదే పదే పాలుపంచుకుంటే, ఆ రెండింటిలో ఒకదానిలోనో రెండింటిలోనో ఏదో మార్పు జరిగి, ఆ తర్వాత మొదటిది రెండోదాన్ని ఇంకా సులువుగా ఉత్తేజపరుస్తుంది. 'కలిసి పేలే కణాలు కలిసి ముడిపడతాయి' అని ఇప్పుడు ప్రచారంలో ఉన్న నినాదం హెబ్‌ది కాదు, 1992లో నాడీశాస్త్రవేత్త కార్లా షాట్జ్ రాసింది. రెండిటికీ చిన్న తేడా ఉంది, అది పట్టించుకోదగ్గది. హెబ్ చెప్పింది ఒకటి రెండోదాన్ని లేపడంలో భాగం పంచుకోవడం గురించి. అంటే మొదటిది రవ్వంత ముందు ఉండాలి. 1973లో బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేలు మెదడులో సినాప్సు (రెండు నాడీకణాలు కలిసే చోటు) బలం పెరిగి గంటల తరబడి నిలవడం చూపించారు. ఆ ముందు వెనకల సంగతిని 1997–98 ప్రయోగాలు మిల్లీసెకన్ల లెక్కలో నిరూపించాయి.

అయితే హెబ్‌కు ఆ ఒక్క సూత్రం గమ్యం కాదు, మొదటి మెట్టు. పసివాడు త్రిభుజాన్ని చూస్తున్నాడనుకుందాం. చూపు ఒక మూల మీద ఆగుతుంది, రెండో మూలకు జరుగుతుంది, మూడోదానికి పోతుంది. ఒక్కో మూలను చూసినప్పుడు కలిసి పనిచేసే కణాలు ఒక గుంపుగా కట్టుకుంటాయి. దీన్ని ఆయన సెల్ అసెంబ్లీ అన్నారు. ఆ గుంపులు ఒకదాని వెంట ఒకటి లేచే వరస అలవాటయ్యాక, ఒక మూల కనిపిస్తే చాలు మిగతా త్రిభుజం మనసులో మెదులుతుంది. ఎదురుగా లేనిదాన్ని ఊహించడం, అంటే ఆలోచించడం, ఇలా మొదలవుతుందని ఆయన ప్రతిపాదన. పుట్టు గుడ్డివాళ్లకు శుక్లాలు తీసేశాక చూపు వచ్చినా, త్రిభుజాన్ని చతురస్రాన్ని వేరు చేయడానికి మూలలు లెక్కపెట్టుకుంటూ నెలలు తంటాలు పడ్డారన్న జర్మన్ రికార్డులను ఆయన ఇందుకు ఆధారం చేసుకున్నారు. చీకట్లో పెరిగిన తన ఎలుకలూ, మట్టి తలను చూసి బెదరని చింపాంజీ పిల్లలూ, ఆసుపత్రి రోగులూ అందరూ ఈ ఒక్క కథలో ఇమిడిపోయారు.

ఇంటి దగ్గర కూడా ఆయన ప్రయోగం ఆగలేదు. కొన్ని ఎలుకలను ఇంటికి తీసుకెళ్లి కూతుళ్లకు పెంపుడు జంతువులుగా ఇచ్చారు. ఇల్లంతా తిరుగుతూ పెరిగిన ఆ ఎలుకలు చిక్కుదారి సమస్యల్లో బోనులో పెరిగినవాటిని దాటిపోయాయి. 1960లలో బర్కిలీ శాస్త్రవేత్తలు ఆటవస్తువులు, తోడు ఉన్న బోనుల్లో పెరిగిన ఎలుకల మెదడు పైపొర మందం కావడం చూపించారు. అదే దారిలో 1961లో మెక్‌వికర్ హంట్ పసితనపు అనుభవాల మీద రాసిన పుస్తకం హెబ్ ఆలోచనల మీద ఎక్కువగా ఆధారపడింది. 1965లో అమెరికాలో పేద పిల్లల కోసం హెడ్ స్టార్ట్ అనే ప్రీస్కూల్ పథకం మొదలైనప్పుడు వెనక ఉన్న వాదనల్లో ఇదీ ఒకటి.

డిపార్ట్‌మెంట్ అధిపతి అయ్యాక కూడా హెబ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రారంభ కోర్సు తానే చెప్పేవారు. పెద్ద ప్రొఫెసర్లు సాధారణంగా జూనియర్లకు వదిలేసే పని అది. 1958లో ఆ కోర్సు కోసమే పాఠ్యపుస్తకం రాశారు. మనసు, మెదడు వేరు వేరు అధ్యాయాలుగా కాక, సైకాలజీ మొత్తం జీవశాస్త్రంలో భాగంగా అందులో నడుస్తుంది. పీహెచ్‌డీకి వచ్చినవాళ్లను కోర్సుల్లో ముంచకుండా త్వరగా పరిశోధనలో దింపాలన్నది ఆయన అభిప్రాయం. ఆ తరహా చదువు ఎవరిని తయారుచేసిందో చూస్తే సరిపోతుంది. ఎలక్ట్రికల్ ఇంజినీరుగా ఉన్న పీటర్ మిల్నర్ సైకాలజీకి మారారు; 1954లో జేమ్స్ ఓల్డ్స్‌తో కలిసి, మెదడులో ఒక చోట కరెంటు తగిలించుకోవడం కోసం ఎలుక మీట నొక్కుతూనే ఉండటం కనిపెట్టారు. రొనాల్డ్ మెల్జాక్ పుట్టినప్పటి నుంచి ఒంటరిగా పెంచిన కుక్కపిల్లలను పరిశీలించారు. అవి వెలుగుతున్న అగ్గిపుల్లకు ముక్కు ఆనించి, కాలాక మళ్లీ ఆనించేవి. నొప్పి కూడా కొంత నేర్చుకునేదే అన్న ఆ ఆశ్చర్యం నుంచే, 1965లో పాట్రిక్ వాల్‌తో కలిసి ఆయన ఇచ్చిన గేట్ సిద్ధాంతం (మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను వెన్నుపాములో ఒక గేటు లాంటిది హెచ్చిస్తుంది, తగ్గిస్తుందన్నది) వరకు దారి ఉంది. 2014లో నోబెల్ అందుకున్న జాన్ ఓకీఫ్ పీహెచ్‌డీ చేసింది ఈ డిపార్ట్‌మెంట్‌లోనే, మెల్జాక్ దగ్గర.

మచ్చ

ఈ కథలో మరుగుపరచకూడని భాగం ఒకటుంది. 1951–54 మధ్య హెబ్ డిపార్ట్‌మెంట్‌లో కెనడా రక్షణ పరిశోధన బోర్డు డబ్బుతో ఇంద్రియాలకు పని లేకుండా చేసే ప్రయోగాలు జరిగాయి. కాలేజీ కుర్రాళ్లకు రోజుకు 20 డాలర్లు ఇచ్చి చిన్న గదిలో పడుకోబెట్టేవారు. కళ్లకు వెలుతురు తప్ప ఆకారం కనిపించని అద్దాలు, చేతులకు స్పర్శ తెలియకుండా అట్టల తొడుగులు, చెవుల దగ్గర ఒకేలా మోగే రొద. అప్పటికి అది మంచి డబ్బే. అయినా ఎక్కువమంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. లేనివి కనిపించాయి, చిన్న చిన్న లెక్కలు తప్పాయి.

శాస్త్రంగా చూస్తే ఇది వెర్డన్ బడి మైదానంలో కనిపించినదానికి తీవ్రమైన రూపం. కానీ డబ్బు ఎందుకు వచ్చిందన్నది వేరే కథ. 1951 జూన్‌లో మాంట్రియల్‌లో కెనడా, బ్రిటన్, అమెరికా ప్రతినిధులు, వారిలో సీఐఏ మనుషులు, కలిసిన సమావేశంలో హెబ్ ఉన్నారు. ఖైదీల మనసు మార్చే పద్ధతుల గురించి వాళ్లకు భయం ఉంది. 1954లో అచ్చయిన పేపరు మాత్రం రాడార్ ముందు గంటల తరబడి కూర్చునేవాళ్ల విసుగు లాంటి కారణాలు చెప్పింది. అసలు కారణాన్ని హెబ్ ఆ తర్వాత ఒక సదస్సులో బయటపెట్టారు. ఇలాంటి ప్రయోగాల సారం 1963 నాటి సీఐఏ ఇంటరాగేషన్ మాన్యువల్లోకి చేరింది. అదే నగరంలో ఈవెన్ కామెరాన్ అనే మానసిక వైద్యుడు రోగుల మీద చేసిన ఘోరాలతో దీన్ని కలిపేయడం న్యాయం కాదు. హెబ్ ఆయన్ని విమర్శించినవాడే. కానీ విద్యార్థులు తమ మీద ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో పూర్తిగా తెలియకుండా ఆ మంచం మీద పడుకున్నారు. టీచరు మీద విద్యార్థికి ఉండే నమ్మకాన్ని వాడుకోవడం అది. ఆయన మిగతా పని ఎంత గొప్పదైనా దీన్ని తుడిచేయదు.

ఇవాళ ఈ దారి ఎంతవరకు తెరిచి ఉంది

హెబ్‌కు కలిసొచ్చిన ఒక అంశాన్ని గుర్తుంచుకోవాలి. ఆయన పీహెచ్‌డీ సైకాలజీలోనే. మెదడు ఆసుపత్రిలో పనిచేసినా డిగ్రీ కాగితం సైకాలజీ డిపార్ట్‌మెంట్ తలుపు తెరిచింది. మన దేశంలో న్యూరోసైన్స్ చదివి సైకాలజీ పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు చిక్కంతా అక్కడే వస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో 55 శాతంతో పీజీ ఉండాలి, పైగా నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష గానీ తగిన పీహెచ్‌డీ గానీ ఉండాలి. జువాలజీ, బయోటెక్నాలజీ నుంచి మెదడు పరిశోధనలోకి వెళ్లిన మనిషికి సైకాలజీ అనుబంధమా కాదా అన్న దగ్గరే ఫైలు ఆగిపోతుంది. రెండేళ్ల సైకాలజీ పీజీ ముందే చేసుకున్నవాళ్లు, లేదా యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ లాంటి రెండు వైపులా కాలు పెట్టిన చోట చదివినవాళ్లు ఈ అడ్డంకిని కొంత తప్పించుకుంటారు. మిగతావాళ్లు దరఖాస్తు పెట్టేముందే నోటిఫికేషన్లో అనుబంధ సబ్జెక్టుల జాబితా చూసుకోవడం మంచిది.

దారి రెండో వైపు నుంచి కూడా నడుస్తుందని బ్రెండా మిల్నర్ జీవితం చూపిస్తుంది. ఇంగ్లండ్ నుంచి 1944లో మాంట్రియల్ వచ్చిన ఆమె, ముందు యూనివర్సిటీ ద మాంట్రియల్‌లో ఏళ్ల తరబడి ఫ్రెంచిలో సైకాలజీ పాఠాలు చెప్పారు. హెబ్ విద్యార్థుల్లో ఒకరిని తన ఆసుపత్రిలోకి తీసుకోవడానికి పెన్‌ఫీల్డ్ ఒప్పుకున్నప్పుడు హెబ్ ఆమెను ఎంచుకున్నారు. 1950లో ఆమె ఆ ఆసుపత్రిలో అడుగుపెట్టారు. కొన్నేళ్లకు, 1953లో మెదడుకు రెండు వైపులా లోపలి టెంపొరల్ భాగం తీసేయించుకుని కొత్త జ్ఞాపకాలు నిలవని స్థితికి చేరిన, హెచ్.ఎం. పేరుతో ప్రసిద్ధుడైన రోగిని ఆమె పరీక్షించారు. ఐదు నిమిషాల కింద మాట్లాడిన మనిషి కూడా అతనికి గుర్తుండడు. మిల్నర్ అతని ముందు పెట్టినది కొత్త యంత్రమేమీ కాదు. చేయి నేరుగా కనిపించకుండా అడ్డం పెట్టి, అద్దంలో చూస్తూ రెండు గీతల మధ్య నక్షత్రం గీయించే పరికరం. మన డిగ్రీ కాలేజీల సైకాలజీ ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు తప్పులు లెక్కపెట్టి రికార్డు రాసే మిర్రర్ డ్రాయింగ్ అదే. మూడు రోజుల్లో హెచ్.ఎం. తప్పులు తగ్గుతూ వచ్చాయి, చేయి తిరిగింది. మూడో రోజు కూడా అలాంటి పని అంతకుముందు ఎప్పుడూ చేసినట్టు అతనికి గుర్తులేదు. చేతికి వచ్చే నేర్పుకూ జరిగింది గుర్తుండటానికీ మెదడులో దారులు వేరన్న సంగతి, 1962లో మిల్నర్ ప్రకటించిన ఆ ఫలితంతో బయటపడింది.